ఎడమవైపు లేని కూడలి

ఎల్‌ఎల్‌ఆర్ కోసం వెళ్లిన ప్రతివాళ్లూ ఒక కాగితం మీద సంతకం పెట్టే ఉంటారు. చదివి పెట్టినవాళ్లు తక్కువ. 1989 కేంద్ర మోటారు వాహనాల నియమాల్లో దాని పేరు ఫారం 1. మన ఆరోగ్యం గురించి మనమే ఇచ్చుకునే వాంగ్మూలం అది. మూర్ఛ ఉందా? ఉన్నట్టుండి స్పృహ తప్పడం, కళ్లు తిరగడం ఉందా? మంచి వెలుతురులో 25 మీటర్ల దూరాన ఉన్న కారు నంబరు ప్లేటు కనిపిస్తుందా? చెయ్యో కాలో పోయిందా, వాటి కదలికలో, బలంలో లోపం ఉందా? రేచీకటి ఉందా? హారన్ వినపడనంత చెవుడా? ఆఖర్న, ఏం మిగిలినా అందులో పడేసేలా ఒక ప్రశ్న: మీరు బండి నడపడం వల్ల జనానికి ప్రమాదం తెచ్చిపెట్టే జబ్బు గానీ వైకల్యం గానీ ఇంకేదైనా ఉందా?

ఈ వరుసలో పక్షవాతం అనే మాట ఎక్కడా లేదు. చెయ్యి పట్టు తప్పితే చెయ్యీ కాలూ గురించిన ప్రశ్న కింద వస్తుంది. చూపు సగం పోతే, నంబరు ప్లేటు ప్రశ్న కింద వస్తుందేమో అనుకుంటాం గానీ రాదు, ఎందుకంటే మధ్యలో చూపు బాగానే ఉంటుంది. మిగిలినదంతా ఆ ఆఖరి ప్రశ్నలో దూరాలి.

ఆ ఆఖరి ప్రశ్న భాష కొంచెం పాతగా వినిపిస్తుంది కదా. నిజంగానే పాతది. 1930 బ్రిటన్ రోడ్ ట్రాఫిక్ చట్టంలో, లైసెన్సు అడిగేవాడు ఇవ్వాల్సిన ప్రకటన గురించి చెప్పే సెక్షన్‌లో దాదాపు ఇవే మాటలున్నాయి. అక్కణ్ణించి 1939 నాటి మన మోటారు వాహనాల చట్టంలోకి వచ్చాయి. 1988 చట్టం వచ్చినా చెక్కుచెదరలేదు. 25 మీటర్లు కూడా అంతే, అది అసలు 25 గజాలు. మెట్రిక్ కొలతలు వచ్చాక గజం మీటరయింది. ఆ మార్పులో దూరం రెండు మీటర్ల చిల్లర పెరిగిందని ఎవరైనా పట్టించుకున్నారో లేదో గానీ, కోడ్ కాపీ కొట్టి వేరియబుల్ పేరు మాత్రం మార్చే మా వృత్తివాళ్లకి ఇది బాగా తెలిసిన పద్ధతే.

ఆ 1930 చట్టం వెనక ఒక చిన్న చరిత్ర ఉంది. బండి నడిపేవాడికి యోగ్యతాపత్రం ఉండాలని ముందు అడిగింది ఫ్రాన్సు. 1893లో ప్యారిస్ పోలీసులు ఆ నిబంధన పెట్టారు, 1899లో అది దేశమంతటికీ వచ్చింది. బ్రిటన్ మాత్రం 1903లో లైసెన్సు పెట్టింది గానీ పరీక్ష పెట్టలేదు. ఐదు షిల్లింగులు కడితే కౌంటీ కౌన్సిల్ లైసెన్సిచ్చేది. 1930లో ఆరోగ్య ప్రకటన వచ్చింది. అందరికీ డ్రైవింగ్ టెస్టు తప్పనిసరి అయింది 1935 జూన్‌లో. మధ్యలో ఆ ఐదేళ్లలో ఉన్న విచిత్రం ఏమిటంటే, ఆరోగ్యవంతుడు పరీక్ష లేకుండానే కారెక్కేవాడు. తనకి ఫలానా లోపం ఉందని ఒప్పుకున్నవాడు మాత్రం, ఫీజు కట్టి, "నన్ను పరీక్షించి చూడండి" అని అడిగే హక్కు చట్టంలో ఉంది. అంటే బ్రిటన్‌లో ప్రభుత్వ డ్రైవింగ్ టెస్టు ముందుగా పుట్టింది వికలాంగుల కోసం. వాళ్లని ఆపడానికి కాదు, వాళ్లు తమ వాదన వినిపించుకోవడానికి. నాకు ఈ వివరం చాలా ఇష్టం. మన 1939 చట్టం దీనిలోంచి ప్రశ్నల్ని శ్రద్ధగా తెచ్చుకుంది. తర్వాత బ్రిటన్‌లో ఆ ప్రశ్నల వెనక పెరిగిన ఆచారం, అంటే ఎవరు పరీక్షించాలి, ఎలా, ఎంతకాలం ఆగాలి అన్నది మాత్రం మన దగ్గరికి రాలేదు.

ప్రశ్నలది ఇంకో ఇబ్బంది. అవన్నీ "నీకు ఉందా?" అని అడుగుతాయి. ఉన్నవాడికి ఆ సంగతి తెలుసన్న నమ్మకం మీద నిలబడ్డాయి.

1914లో ప్యారిస్‌లో జోసెఫ్ బాబిన్‌స్కీ అనే న్యూరాలజిస్టు కొందరు రోగుల గురించి చెప్పాడు. ఎడమ చెయ్యీ కాలూ పడిపోయాయి. మాట బాగుంది, తెలివి బాగుంది. కానీ చెయ్యి పడిపోయిందన్న సంగతి వాళ్లకి తెలియదు. దాచడం కాదు, బింకం కాదు, తెలియదు అంతే. చెయ్యెత్తమంటే ఎత్తామనే అనుకుంటారు, లేదా మాట మారుస్తారు. దీనికి ఆయన 'అనొసొగ్నోసియా' అని పేరు పెట్టాడు, జబ్బు ఎరుక లేకపోవడం అని. ఇది ఎక్కువగా మెదడు కుడివైపు దెబ్బతిన్నవాళ్లలో కనిపిస్తుంది. తెలుగులో మనం పక్షవాతం అనేస్తాం గానీ ఆ మాటలో 'పక్షం' అంటే ఒక పక్క అన్న సంగతి మర్చిపోతాం. కుడి మెదడు దెబ్బతిన్న కొందరికి పోయేది ఒంట్లో ఒక పక్క మాత్రమే కాదు, లోకంలో ఒక పక్క కూడా.

1941లో రసెల్ బ్రెయిన్ అనే ఇంగ్లీషు డాక్టరు, 'బ్రెయిన్' అనే పత్రికలో (ఆ పత్రిక ఆయన పుట్టకముందు నుంచే ఉంది, పేరు కలవడం యాదృచ్ఛికం) కుడి మెదడు వెనకభాగం దెబ్బతిన్నవాళ్ల గురించి రాశాడు. వాళ్లు తమ సొంత ఇంట్లో దారి తప్పేవాళ్లు. గుర్తు లేక కాదు. ఎడమకి తిరగాల్సినచోట కుడికి తిరిగేవాళ్లు. ఎడమ అనే దిక్కు ఉన్నట్టు తోచేది కాదు. ఇల్లు కాబట్టి బీరువాకి కొట్టుకుని ఆగిపోతారు. రోడ్డయితే?

దీని లోతు తెలిసింది 1978లో. మిలాన్‌లో ఎదోఆర్దో బిసియాక్, క్లాదియో లుత్సాత్తి ఇద్దరు రోగుల్ని ఒక మాట అడిగారు. మిలాన్ వాళ్లెవరికైనా చిన్నప్పణ్ణించీ తెలిసిన కూడలి పియాత్సా దెల్ దువోమో. మనకి చార్మినార్ దగ్గర నాలుగు రోడ్లు ఎలాగో వాళ్లకి అలా. కళ్లముందు కూడలి లేదు, గదిలో కూర్చుని ఊహించి చెప్పాలి. ముందు, కెథీడ్రల్‌కి ఎదురుగా కూడలి అవతలి కొసన నిలబడ్డట్టు ఊహించుకుని ఏమేం కనిపిస్తున్నాయో చెప్పమన్నారు. కుడివైపు భవనాలు చక్కగా చెప్పారు, ఎడమవైపువి వదిలేశారు. సరే, ఇప్పుడు కెథీడ్రల్ మెట్ల మీద నిలబడి ఇటు చూస్తున్నట్టు అనుకోండి అన్నారు. ఇందాక వదిలేసిన భవనాలు ఇప్పుడు కుడిచేతి వైపుకి వచ్చాయి. అవి గడగడా చెప్పారు. ఇందాక చెప్పినవి, ఇప్పుడు ఎడమవైపు పడ్డవి, మాయమైపోయాయి.

ఈ ప్రయోగం గురించి మొదటిసారి చదివినప్పుడు రెండు రోజులు వేరే ఏమీ చదవలేకపోయాను. జ్ఞాపకం మొత్తం అక్కడే ఉంది. కళ్లతో పనే లేదు. అయినా మనసులో నిలబడ్డ చోటునుంచి ఎడమవైపు చూడటం కుదరదు. ఇలాంటివాళ్లకి కంటి డాక్టరు అద్దాలు రాసివ్వలేడు. నంబరు ప్లేటు నేరుగా ముందు పెడితే 25 కాదు, 30 మీటర్లనుంచైనా చదువుతారు.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. ఇటలీలో, అమెరికాలో బండి కుడివైపు నడుస్తుంది కాబట్టి ఎడమ అంటే ఎదురొచ్చే వాహనాలు. మనకీ బ్రిటన్‌కీ ఎడమ అంటే రోడ్డు అంచు. ఎదురొచ్చే లారీ బాగానే కనిపిస్తుంది. కనిపించనిది సైకిలువాడు, బస్సు దిగుతున్న మనిషి, ఎడమనుంచి దూసుకొచ్చే ఆటో, తోపుడుబండి. అంటే తనకంటే బలహీనమైనవాళ్లు. డ్రైవరు ప్రాణానికి వెంటనే ఏమీ కాదు. అందుకే చాలారోజులు ఎవరికీ తెలియకపోవచ్చు కూడా.

మరి దీన్ని రోడ్డెక్కకముందే పట్టుకోవడం ఎలా? బల్ల మీద కాగితం పెట్టి డ్రైవరుని తూచడం అన్న ఆలోచన పక్షవాతం కంటే ముందు ట్రాముల దగ్గర పుట్టింది. హార్వర్డ్‌లో ఉన్న జర్మన్ మనస్తత్వవేత్త హ్యూగో మున్‌స్టెర్‌బెర్గ్ దాన్ని తన పుస్తకంలో రాసుకున్నాడు. జర్మన్‌లో 1912, ఇంగ్లీషులో 1913. ట్రాము నడిపేవాళ్ల ప్రమాదాలు తగ్గించాలి. ఆయన పొడుగాటి అట్టల మీద గళ్లు గీశాడు. మధ్యలో రెండు గీతలు, పట్టాలు. అటూ ఇటూ గళ్లలో 1, 2, 3 అంకెలు. ఒకటి మనిషి, రెండు గుర్రబ్బండి, మూడు మోటారు కారు. ఒకే సమయంలో మనిషి ఒక గడి కదిలితే గుర్రం రెండు, కారు మూడు. నల్ల అంకెలు పట్టాల పక్కన పోయేవి, భయం లేదు. ఎర్ర అంకెలు పట్టాలకి అడ్డం వచ్చేవి. ఏ ఎర్ర అంకె సరిగ్గా పట్టాల మీదకి వచ్చి పడుతుందో చెప్పాలి, అట్ట జరిగిపోతూ ఉంటుంది. నల్లవి వదిలెయ్యాలి, దూరంగా ఉన్న ఎర్రవీ వదిలెయ్యాలి. అష్టాచెమ్మా ఆడిన ఎవరికైనా ఇదేం కొత్తగా ఉండదు. కానీ ఆయన పట్టుకున్న సంగతి అసలైనది: చూపు బాగుండటం వేరు, చేతులు బాగుండటం వేరు, ఎక్కడ చూడాలో తెలియడం వేరు. ఫారం 1 ఇప్పటికీ మొదటి రెండింటి దగ్గరే ఆగింది.

రెండోది సైన్యం నుంచి వచ్చింది. 1944లో అమెరికా సైన్యం వాడిన పరీక్షల పెట్టెలో ట్రెయిల్ మేకింగ్ అని ఒకటుంది. కాగితం మీద చెల్లాచెదురుగా సున్నాలు. మొదటి భాగంలో 1 నుంచి 25 వరకూ వరసగా గీతతో కలపాలి. రెండో భాగంలో అంకె, అక్షరం, అంకె, అక్షరం: 1 నుంచి ఏ కి, అక్కణ్ణించి 2 కి, బి కి, 3 కి. ఇది చెయ్యాలంటే రెండు వరసలు ఒకేసారి బుర్రలో ఉండాలి, ఒకదానిలోంచి ఇంకోదానిలోకి దూకుతుండాలి. మెదడు దెబ్బతిన్నవాళ్లకి రెండో భాగం ఎంత కష్టమో 1950లలో రాల్ఫ్ రీటాన్ చూపించాడు. గేరు మారుస్తూ, అద్దం చూస్తూ, పక్కసీటు మనిషికి సమాధానం చెబుతూ సిగ్నల్ పసుపు అవడం గమనించడం ఇలాంటి పనే.

దీన్ని తెలుగులో చేస్తే? 1-అ-2-ఆ-3-ఇ వరకూ ఫరవాలేదు, ఋ దగ్గరకి వచ్చేసరికి నాలాంటివాళ్లు పక్షవాతం లేకుండానే ఆగిపోతాం. నిఘంటువు తిరగెయ్యడం మానేసిన తరానికి వర్ణమాల వరస వేళ్ల మీద లేదు. అసలు అక్షరాలే రాని లారీ డ్రైవరు సంగతేమిటి? అక్షరాల బదులు రంగులు మార్చుకుంటూ పోయే కలర్ ట్రెయిల్స్ పరీక్ష 1996లో వచ్చింది. ఈ మాత్రం ఆలోచన చాలాచోట్ల ఉండదు. చదువుకున్నవాళ్లు తయారుచేసిన పరీక్షలో చదువు లేకపోవడం జబ్బులాగే కనిపిస్తుంది.

పక్షవాతం వచ్చినవాళ్ల కోసమే, డ్రైవింగ్ కోసమే తయారైన పరీక్ష ఇంగ్లండ్‌లో నాటింగ్‌హామ్ నుంచి వచ్చింది. నౌరీ, లింకన్ అనే ఇద్దరు పరిశోధకులు 1980ల చివర్నుంచి దీని మీద పనిచేశారు. వాళ్ల పద్ధతి నిజాయితీగా ఉంది. పక్షవాతం వచ్చి తగ్గినవాళ్లకి రకరకాల బల్ల పరీక్షలు పెట్టారు, తర్వాత నిజంగా కారెక్కించి రోడ్డు మీదకి తీసుకెళ్లారు. రోడ్డు మీద ఫలితాన్ని బాగా ముందే చెప్పగలిగిన పరీక్షల్ని ఉంచుకుని మిగిలినవి పక్కన పెట్టారు. చివరికి మిగిలినవి: చుక్కల గుంపుల్లో నాలుగు చుక్కలున్నవాటిని కొట్టెయ్యడం, గళ్లలో లారీ ఇటు, కారు అటు పోయేలా బొమ్మలున్న కార్డులు సర్దడం, దిక్సూచిలా బాణాలతో అదే పని, రోడ్డు దృశ్యాలకి సరైన ట్రాఫిక్ గుర్తు జతచెయ్యడం. మున్‌స్టెర్‌బెర్గ్ గళ్లు ఎనభై ఏళ్ల తర్వాత మళ్లీ బల్ల మీదకి వచ్చాయన్నమాట. 1993లో వాళ్లు బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వేసిన చిన్న వ్యాసం సారాంశం: ఈ కార్డులు, ఫ్యామిలీ డాక్టరు మామూలుగా చెప్పే అంచనా కంటే మెరుగ్గా చెబుతున్నాయి. డాక్టర్లకి ఇది నచ్చి ఉండదు. రోగి చెయ్యి పట్టు చూసి, నడక చూసి, "బాగానే ఉన్నారుగా" అనడం వాళ్లకి అలవాటు. చెయ్యీ కాలూ బాగుపడటం కంటికి కనిపిస్తుంది మరి.

2011లో బెల్జియంకి చెందిన హానెస్ డెవోస్ బృందం అప్పటివరకూ వచ్చిన 30 అధ్యయనాల్ని, 1,728 మంది రోగుల్ని కలిపి లెక్కవేసింది. రోడ్డు పరీక్ష నెగ్గినవాళ్లు సుమారు 54 శాతం. సగానికి పైగా మళ్లీ నడపగలరు! ఇది ఆ లెక్కల్లో అన్నిటికంటే ముఖ్యమైన సంఖ్య అని నా ఉద్దేశం. ట్రాఫిక్ గుర్తుల పరీక్ష, దిక్సూచి కార్డులు, 90 సెకన్ల గడువుతో ట్రెయిల్ మేకింగ్ రెండో భాగం, ఈ మూడూ ఒక్కోటీ విడివిడిగా 80 నుంచి 85 శాతం కచ్చితంగా చెప్పాయి. వినడానికి బాగుంది. కానీ మిగిలిన 15, 20 శాతం ఎవరు? కొందరు, పరీక్ష నెగ్గి రోడ్డు మీద ప్రమాదకరంగా తేలినవాళ్లు. కొందరు, కాగితం మీద తప్పి రోడ్డు మీద శుభ్రంగా నడిపేవాళ్లు. మొదటిరకం తప్పు ఏదో ఒకరోజు పేపర్లో వస్తుంది. రెండోరకం తప్పు ఎక్కడా రాదు. తాళాలు అల్మరాలో పెట్టేసి, ఇంట్లో కూర్చుండిపోయిన మనిషిని ఎవరూ లెక్కపెట్టరు. అందుకే బల్ల పరీక్ష జల్లెడలా వాడుకుని, తీర్పు మాత్రం రోడ్డు మీద, రెండువైపులా బ్రేకులున్న కారులో, పక్కన శిక్షకుడు కూర్చుని ఇవ్వాలని చాలా దేశాల్లో పనిచేసేవాళ్లు అంటారు.

ఇది తీర్పే కానక్కర్లేదు కూడా. 2005లో బెల్జియంలోనే అకిన్‌వుంతాన్ బృందం 83 మంది రోగుల్ని రెండు జట్లు చేసి, ఒక జట్టుకి ఐదు వారాల్లో 15 గంటలు సిమ్యులేటర్ మీద శిక్షణ ఇచ్చింది. రెండో జట్టు డ్రైవింగ్‌కి సంబంధించిన బుద్ధి కసరత్తులు చేసింది. చివరికి మళ్లీ నడపడానికి అనుమతి వచ్చినవాళ్లు మొదటి జట్టులో 73 శాతం, రెండోదాంట్లో 42. ఒక్క అధ్యయనమే, దీన్ని పట్టుకుని ఎగిరి గంతెయ్యకూడదు. అయినా పోయినదాంట్లో కొంత నేర్పి తిరిగి తెచ్చుకోవచ్చన్న ఆశ అందులో ఉంది.

నిబంధనలు దేశానికొకటి. బ్రిటన్‌లో సొంత కారు నడిపేవాళ్లు పక్షవాతం తర్వాత నెల రోజులు కచ్చితంగా ఆగాలి. నెల తర్వాత కూడా లోపం మిగిలితే లైసెన్సింగ్ సంస్థకి చెప్పాలి. బస్సు, లారీ నడిపేవాళ్లకి ఏడాది. అమెరికాలో ఏ రాష్ట్రం కథ ఆ రాష్ట్రానిదే. అక్కడ అసలు ఎవరూ ఏమీ చెప్పకపోవడమే పెద్ద కథ: 1997లో వచ్చిన ఒక సర్వేలో పక్షవాతం వచ్చిన 48 శాతం మందికి డ్రైవింగ్ గురించి ఎవరూ ఒక్క సలహా ఇవ్వలేదు, 87 శాతం మందికి ఏ పరీక్షా జరగలేదు. మన వైపు ఇలాంటి సర్వే జరిగితే ఏం తేలుతుందో ఊహించడం కష్టమేమీ కాదు.

మా పెదనాన్నకి గుంటూరులో పక్షవాతం వచ్చినప్పుడు ఆస్పత్రివాళ్లిచ్చిన డిశ్చార్జి కాగితం నేను చదివాను. మాత్రలు, ఉప్పు తగ్గించడం, ఫిజియోథెరపీ, రెండు వారాల తర్వాత రావడం, అన్నీ ఉన్నాయి. బండి గురించి లేదు. ఆరు వారాలకి ఆయన నడక మామూలైంది. ఇంట్లోవాళ్లకి అదే గీటురాయి. మూడో నెలలో కారు ఎడమ తలుపు మీద కొత్త గీతలు కనిపించాయి, తర్వాత అద్దం పోయింది. "ఏరా, ఈ మధ్య జనం మరీ మీదకొచ్చేస్తున్నారు, ఎట్నుంచి వస్తారో తెలీట్లా," అన్నాడు. ఆ మాటకి మా పెద్దమ్మ నవ్వింది, నేను నవ్వలేకపోయాను. ఆయన అబద్ధం చెప్పట్లేదు. ఆయన కూర్చున్న చోటునుంచి నిజంగానే వాళ్లు శూన్యంలోంచి ఊడిపడుతున్నారు. తాళాలు తీసుకోవడానికి ఇంట్లో జరిగిన గొడవ రాయను. "నువ్వెవరివిరా చెప్పడానికి" అన్న ప్రశ్నకి నా దగ్గర సమాధానం లేదన్నది మాత్రం రాస్తాను. సమాధానం చెప్పగలిగిన మనిషి, ఆయన గౌరవం తగ్గకుండా కార్డులు పేర్చి, తర్వాత కారెక్కించి, "ఇది వచ్చింది, ఇది రాలేదు" అని చూపించే మనిషి, మాకు దగ్గర్లో దొరకలేదు.

చట్టంలో అధికారం లేకపోలేదు. 1988 చట్టం 16వ సెక్షన్ ప్రకారం, జబ్బు వల్లో వైకల్యం వల్లో ఒక మనిషి బండి నడపడానికి తగడని నమ్మడానికి కారణం ఉంటే లైసెన్సింగ్ అధికారి ఎప్పుడైనా లైసెన్సు రద్దు చెయ్యొచ్చు. ఆయనకి చెప్పేదెవరు? 2019 సవరణ తర్వాత 30 నుంచి 50 ఏళ్ల మధ్య తీసుకున్న లైసెన్సు పదేళ్లు చెల్లుతుంది. 41వ ఏట రెన్యువల్ చేయించి 42లో పక్షవాతం వచ్చిన మనిషిని 51 దాకా ఏ కాగితమూ ఏమీ అడగదు. నలభై దాటాక ఫారం 1-ఎ అనే డాక్టరు సర్టిఫికెట్ ఉంది. కానీ అందులో డాక్టరుని అడిగేవి కూడా మూర్ఛ, తల తిరగడం, మానసిక జబ్బు, చూపు, చెవి, అవయవలోపం. ఆర్టీఏ ఆఫీసు ఎదురుగా జిరాక్సు షాపుల వరసలో అది ఎంతసేపట్లో తయారవుతుందో చదివేవాళ్లకి చెప్పక్కర్లేదు.

పైగా ఈ పరీక్షలన్నీ కారు కోసం పుట్టినవి. మన రోడ్ల మీద ఎక్కువ ఉన్నది స్కూటీలూ బైకులూ. ఎడమచేతి పట్టు సగం తగ్గినవాడు ఆటోమేటిక్ కారు నడపొచ్చు, స్టీరింగుకి గుండ్రటి పిడి బిగించుకుంటే సరిపోతుంది. అదే మనిషి క్లచ్చున్న బైకు నడపలేడు. ఆటో సంగతి ఇంకొకటి, దాన్ని తొక్కి కాదు చేత్తో నడపాలి, క్లచ్చూ గేర్లూ ఎడమచేతిలోనే ఉంటాయి. ఆ ఎడమచెయ్యే పోయిన ఆటో డ్రైవరుకి నెల ఆగమని చెబితే ఆ నెల ఫైనాన్స్ కిస్తీ ఎవరు కడతారు? లారీ డ్రైవరుకి బ్రిటన్‌లోలా ఏడాది అంటే? ఆయన ఎవరికీ చెప్పడు. చెప్పకుండా, ఒకవైపు మాత్రమే ఉన్న హైవే మీద, రాత్రిపూట, పది టైర్ల బండి తీస్తాడు. క్లీనరు ఎడమపక్క సీట్లో కూర్చుని "రానీ, రానీ, ఆగు" అని అరుస్తూ ఉంటాడు. అతనికి తెలియకుండానే ఆ కుర్రాడు డ్రైవరుకి పోయిన సగం అయిపోయి ఉంటాడు. నిద్రపోనంతవరకూ.